కడిగి బోర్లించిన గ్లాసు

పెట్టె నోరు తెరుచుకుని హాలు మధ్యలో ఉంది. శాంతవ్వ దాని పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కొక్క వస్తువూ అందుకుంటూ లోపల సర్దుతోంది. ప్యాంట్లు గట్టిగా చుట్టలు చుట్టి అడుగున పేర్చింది. వాటి సందుల్లో మేజోళ్ళు దూర్చింది. చిన్న కుక్కర్ కడుపులో రెండు కిలోల కందిపప్పు పోసి, మూత పెట్టి, పాత చున్నీతో బిగించి కట్టింది. కుక్కర్‌ను ఖాళీగా పంపితే అది తినే చోటు దండగ కదా అని ఆమె లెక్క.

"గొడుగు తీసెయ్ బిడ్డా" అంది. "ఆడి గాలికి గొడుగు ఆగది. ఉల్టా అయితది. టోపీ ఉన్న కోటు పెట్టుకో."

దీక్షిత గొడుగు తీసి సోఫా మీద పడేసింది. ఇంకో అయిదు రోజుల్లో, గురువారం నాడు ఆ పిల్ల ఐర్లాండ్ ప్రయాణం. కార్క్ అనే ఊళ్ళో రెండేళ్ళ చదువు. తాండూరులో నాపరాళ్ళు పాలిష్ పట్టించే రాజేందర్‌కు ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల కాబట్టి సర్దిపెట్టే చెయ్యి ఆ ఇంట్లో కరువైంది. నానమ్మ వెంకటమ్మకు మోకాళ్ళు వంగవు. అందుకని శాంతవ్వకు కబురు పెట్టారు. ఆమె వికారాబాద్ నుంచి పొద్దున రైలుకు వచ్చింది.

కబురు పెట్టడానికి ఇంకో కారణం ఉంది. బంట్వారం అవతలి పల్లెలో వెంకటమ్మ వాళ్ళ పొలాల్లో ముప్పై ఏళ్ళు కలుపు తీసి, కందులు కొట్టిన శాంతవ్వే, వాళ్ళకు తెలిసినవాళ్ళలో ఆ దేశంలో ఉండి వచ్చిన ఒకే ఒక్క మనిషి. కూతురు జ్యోతిరాణి కార్క్‌లో ఆసుపత్రి నర్సు. దాని కాన్పుకు వెళ్ళి శాంతవ్వ అక్కడ ఆరు నెలలు ఉంది. మనుమణ్ణి కూర్చోబెట్టి, మే నెలలో తిరిగి వచ్చింది. కార్క్‌లో ఈ ఏడు అద్దెకు గది దొరకడం గగనమైపోయిందట. కాలేజీ హాస్టలు ఎప్పుడో నిండిపోయింది. గది దొరికేదాకా, రెండు నెలలో మూడు నెలలో, దీక్షిత జ్యోతి ఇంట్లో ఉండాలని రాజేందర్ అడిగాడు. "మా అమ్మ ఊ అంటె నాకేం ఇబ్బంది లేదు పటేలా" అని జ్యోతి చెప్పింది. అమ్మ ఊ అంటుందా అని ఎవరూ అడగలేదు. అంటుందనే అనుకున్నారు. శాంతవ్వా అలాగే అనుకుంది.

ప్రయాణం ఎవరిదైనా సరే, శాంతవ్వకు వారం ముందు నుంచే నిలకడ ఉండదు. ముప్పై దాటాక అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న మనిషి. కంట పడిన ప్రతి కాగితమూ చదువుతుంది. దీక్షిత టికెట్టును మూడుసార్లు చదివింది. తేదీ సరిగానే ఉన్నా నాలుగోసారి చదివింది.

హాల్లో వెంకటమ్మ, దీక్షితతో కలిపి వాళ్ళు ఏడుగురు ఉన్నారు. రాజేందర్ చిన్నమ్మలు, వాళ్ళ కోడళ్ళు పిల్లను చూసి పోదామని వచ్చారు. అందరూ శాంతవ్వను అడుగుతున్నారు, ఆమె సర్దుతూనే చెబుతోంది. అక్కడ బస్సు దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకు థాంక్స్ చెప్పే దిగుతారు. నలభై మంది దిగితే నలభై మందీ చెబుతారు. వాళ్ళు చెప్పులతోనే ఇంట్లోకి వస్తారు గానీ, ముందు ఫోను చెయ్యందే గడప తొక్కరు. తిన్నావా అని ఎవరూ అడగరు, వాన గురించి అడుగుతారు. చలికాలం నాలుగున్నరకే దీపాలు పెట్టాలి. పక్కింటి ఎనభై ఏళ్ళ ముసలామెను పేరు పెట్టి పిలవకపోతే ఆమెకు కోపం. అవ్వా అంటే ఏమిటని అడిగి, తెలుసుకుని, నేనంత ముసలిదాన్నా అని మూతి ముడుచుకుంది. కోడళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కుర్చీలో కూర్చున్న వెంకటమ్మ కూడా నవ్వింది.

"బాత్‌రూంల చెంబు ఉండదంట గదనె?"

"ఉండది పటేలమ్మా. అందుకే ఒక మగ్గు పెడుతున్న" అని శాంతవ్వ ఎర్రటి ప్లాస్టిక్ మగ్గు ఎత్తి చూపించింది. మళ్ళీ నవ్వులు. ఆ మగ్గులో చింతపండు ఉండ కుక్కి పెట్టింది.

ఒక్క సంగతి మాత్రం ఆమె చెప్పలేదు. ఆరు నెలల్లో ఆ ఊళ్ళో ఎవరూ ఆమెను మీరేమిటోళ్ళని అడగలేదు. ఒకే ఒక్కసారి అడిగారు. ఉగాదికి తెలుగువాళ్ళంతా ఒక హాల్లో కలిసినప్పుడు, పచ్చడి చేతిలో పెట్టిన ఆమె రెండో మాటలోనే అడిగేసింది.

దీక్షిత లేచి టీ పెడతానని లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఒక కోడలు ట్రే మోసుకొచ్చింది. నీలిపూల పింగాణీ కప్పులు ఏడు. ట్రే అంచున ఒక కాయిదం గ్లాసు. ట్రే ఏడుగురి ముందూ ఆగి, చివరికి శాంతవ్వ దగ్గరికి వచ్చేసరికి ఆ గ్లాసొక్కటే మిగిలింది.

శాంతవ్వ అందుకుంది. పలుచటి గ్లాసు, వేడికి వేళ్ళు కాలాయి. అంచు పట్టుకుని, ఊదుకుని తాగింది. మాటలు సాగుతూనే ఉన్నాయి. టీ అయ్యాక ఆమె అలవాటుగా లేచి, గ్లాసు పట్టుకుని వంటింట్లోకి నడిచింది. కుళాయి తిప్పింది. నీళ్ళు పడుతున్నాయి. చేతిలో చూసుకుంటే కడగడానికి ఏమీ లేదు.

పల్లెలో వెంకటమ్మ వాళ్ళ కొట్టం గోడకు ఒక గూడు ఉండేది. అందులో శాంతవ్వ స్టీలు గ్లాసు ఉండేది. పై నుంచి టీ పోసేవాళ్ళు. తాగి, తనే కడిగి, గూట్లో బోర్లించి వెళ్ళేది. కార్క్‌లో కూడా తాగిన కప్పు తనే కడిగింది. కానీ అక్కడ అందరూ కడిగారు. పసివాణ్ణి చూడ్డానికి వచ్చిన జ్యోతి వాళ్ళ పెద్ద డాక్టరు, తన టీ తనే కలుపుకుని, తన కప్పుతో పాటు శాంతవ్వ కప్పు కూడా లాక్కుని కడిగి ఒక్క చోటే బోర్లించాడు. చేతులు చేసిన పని రెండు చోట్లా ఒక్కటే. ఇప్పుడు ఆ చేతుల్లో గ్లాసు తడికి మెత్తబడి వంగిపోయింది. ఆ పాత గ్లాసు కనీసం శాంతవ్వదని చెప్పుకోవడానికి ఉండేది. దీన్ని తాగి పారెయ్యాలి.

చెత్తబుట్టలో వేసి, కుళాయి కట్టేసి, ఆమె తిరిగి వచ్చి పెట్టె దగ్గర కూర్చుంది. మిగిలినవి సర్దింది. నాలుగు మూలలా చెయ్యి వేసి నొక్కి చూసింది. కొక్కెం త్రాసుకు తగిలించి ఎత్తితే ఇరవై రెండున్నర చూపించింది. ఇంకో అరకిలో పడుతుంది. జిప్పు లాగింది.

"పొయ్యొస్త పటేలమ్మా" అంది. దీక్షిత గేటు దాకా వచ్చి చెయ్యి ఊపింది.

*

రైలు వెళ్ళిపోయింది, అందుకని బస్సెక్కింది. కిటికీ బయట కంది చేలు మోకాలెత్తున పచ్చగా ఉన్నాయి. వికారాబాద్‌లో దిగుతూ ఏదో ఆలోచిస్తూ ముందు తలుపు దగ్గర ఆగి, "థాంక్స్ అన్నా" అంది.

డ్రైవరు ఎగాదిగా చూశాడు. "ఆడోళ్ళకు ఫిరీ బస్సు పెట్టినకాడికెల్లి థాంక్స్ చెప్పినోళ్ళను నిన్నే చూస్తున్న అవ్వా. ఏమన్న మర్చిపోయినవా బస్సుల?" అన్నాడు. వెనక ఆడవాళ్ళు నవ్వారు. శాంతవ్వ కూడా నవ్వింది గానీ, ఇంటికి నడుస్తున్నంత సేపూ ఆ మాట వెంటే వచ్చింది. ఏమన్నా మర్చిపోయిందా? ఏమీ మర్చిపోలేదు. అదే చిక్కు.

ఆమె పెనిమిటి హన్మయ్య వాకిట్లో మంచం వాలుస్తున్నాడు. కాళ్ళు కడుక్కుని, సంగతి చెప్పింది. ఆయన బీడీ వెలిగించుకుని తాపీగా విన్నాడు.

"ముప్పై ఏండ్లు గూట్ల గ్లాసుల తాగినవ్. ఆర్నెల్లల్ల గొంతు మారిందా నీకు?"

"గొంతు గదే. వేరే గ్లాసులు చూసొచ్చిన" అంది శాంతవ్వ.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి జ్యోతికి ఫోను చేసింది. అక్కడ ఇంకా తెల్లవారుతోంది. పసివాడు ప్రణయ్ తెరలో ముక్కు మాత్రం కనబడేలా దగ్గరికి వచ్చి ఊఁ ఊఁ అన్నాడు. వాణ్ణి ముద్దాడినట్టు చేసి, శాంతవ్వ మొదలుపెట్టింది. జ్యోతి అంతా విని, వదిలెయ్యమంది. ఆ పిల్ల ఇక్కడికి వస్తే ఈ ఇంటి కప్పుల్లోనే తాగుతుందని, తన కప్పే కాదు, నీ మనుమడి పాలసీసా కూడా కడుగుతుందని, అంతకన్నా ఏం కావాలని అడిగింది. ఆ మాట నిజమే. కానీ శాంతవ్వకు అందులో ఏదో సందు కనిపించింది. వేలు దూరేంత సందు.

"ఆడ కడుగుతది బిడ్డా. ఆడ అందరు కడుగుతరు. ఆడ నీ ఇంట్ల తిని, ఈడికొచ్చి నాకు కాయిదం గ్లాసు ఇస్తె, నీ ఇల్లు సత్రమైతది. సత్రంల ఎవరన్న తింటరు."

జ్యోతి పసివాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. తరవాత, నువ్వెట్లంటే అట్లనే అమ్మా అంది. అని, ఇంకో మాట కూడా అంది. పోయిన నెల ఇద్దరు హైదరాబాద్ పిల్లలు గది దొరక్క బస్టాండులో పెట్టెల మీద కూర్చుని ఉంటే తను చూసిందట. వానలో.

 దీక్షిత ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు, తల్లి పోయిన ఏడు, పొలం గట్టు మీద ఒళ్ళో వేసుకుని జోకొట్టింది ఆమె. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. అయినా సాయంత్రానికి నిశ్చయం కుదిరిపోయింది. కంచాలు తోముతూ తోముతూ ఆగి, హన్మయ్యతో, రేపు మళ్ళీ తాండూరు పోతున్నానంది.

*

సోమవారం కృష్ణాష్టమి. వెంకటమ్మ ఒక్కపొద్దులో ఉంది. హాల్లో ఆమె, రాజేందర్ మాత్రమే ఉన్నారు. పెట్టె గోడకు నిలబెట్టి ఉంది. శాంతవ్వ ఎప్పటిలా నేల మీద కూర్చోలేదు. కుర్చీలోనూ కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"పిల్ల జ్యోతి ఇంట్ల ఉంటది అంటె నాకు సంతోషమే. గాని దానికన్న ముందు మీరు ముగ్గురు మా ఇంట్ల ఒక్క పూట తినాలె. మా పళ్ళేలల్ల, మా గ్లాసులల్ల."

రాజేందర్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తరవాత నవ్వి, దానికేం భాగ్యం, గురువారం దారిలో వికారాబాద్‌లో మంచి హోటల్లో అందరం కలిసి తిందాం, మీ ఇద్దరూ రండి, ఒక్క టేబుల్ మీదే కూర్చుందాం అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

"హోటల్ల అందరు తింటరు పటేలా" అంది శాంతవ్వ.

వెంకటమ్మకు అప్పటికి విషయం అందింది. ముఖం గట్టిపడింది. కాయిదం గ్లాసుల గురించి ఆమే ఎత్తింది. కరోనా అప్పటి నుంచి బయటివాళ్ళకు అవే ఇస్తున్నామని, శుభ్రం కోసమని, అందులో ఎవరినీ తక్కువ చెయ్యడం లేదని చెప్పింది.

"అందరికి ఇస్తె నేను నోరు మెదపను పటేలమ్మా. మొన్న బయటికెల్లి ఆరుగురం వచ్చినం. కాయిదం గ్లాసు ఒక్కటే వచ్చింది."

"ఎన్నేండ్లు మా ఇంట్ల ఉప్పు తిన్నవ్" అంది వెంకటమ్మ.

"తిన్న. ఇప్పుడు మీరు మా ఉప్పు తినుండ్రి. సరిపోతది."

 పైన ఫ్యాను గిర్రుమంటోంది. శాంతవ్వ కొంగు భుజం మీదికి లాక్కుంది. గురువారం మీ కారు మా వీథి ముందు నుంచే పోవాలి కదా అంది. పదకొండింటికి వండి పెడతానంది.

"వస్తె జ్యోతికి ఫోన్ చేస్త. రాకపోతె పిల్ల పైలంగ చేరాలని ప్రార్థన చేస్త. గంతే."

 గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగింది. ఇంత మాట అనగలనని ఆమెకే తెలియదు. గేటు దాటింది. వెనక్కి పిలుస్తారేమోనని రోడ్డు మలుపు దాకా మెల్లగా నడిచింది. ఎవరూ పిలవలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం దీక్షిత ఒక్కతే వచ్చింది. స్నేహితులతో అనంతగిరి గుట్ట చూసొస్తానని ఇంట్లో చెప్పిందట. చెప్పులు బయట విడిచి, తలుపు కొట్టింది. తీసే ఉన్న తలుపును కొట్టడం చూసి శాంతవ్వకు నవ్వొచ్చింది. ప్రయాణానికి రెండు రోజుల ముందే పాఠం ఒంటబట్టినట్టుంది.

"అన్నం పెట్టు శాంతవ్వా. ఆకలైతున్నది" అంది ఆ పిల్ల.

శాంతవ్వ జొన్న రొట్టెలు చేసింది. పిండి మీద వేడి నీళ్ళు పోసి, అరచేతి మొదలుతో మెదిపి, పీట మీద తడుతూ తిప్పి తిప్పి వెడల్పు చేసింది. రొట్టె పెనం మీద పడ్డాక పైన తడి చెయ్యి రాసింది. పప్పు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ ముక్క. దీక్షిత చాప మీద కూర్చుని రెండు రొట్టెలు తిని, మూడోది అడిగి తిన్నది. తిన్నాక పళ్ళెం, గ్లాసు తీసుకుని వెనక్కి వెళ్ళి, తోమి, కడిగి, స్టాండులో పెట్టి వచ్చింది. తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ తల వంచుకుని నిలబడింది.

"ఆ రోజు చాయ్ పోసింది నేనే శాంతవ్వా."

శాంతవ్వ పొయ్యి ముందు నుంచి తల తిప్పింది.

"ఎవ్వరు చెప్పలే నాకు. చిన్నప్పటి నుంచి చూసినట్టే పోసిన. ఏడు కప్పులు తీసిన, నీకు గా గ్లాసు తీసిన. ఆలోచన గూడ చేయలే. నిన్న నువ్వు పోయినంక నానమ్మ, డాడీ లొల్లి పెట్టుకుంటుంటె అప్పుడు ఎరుకైంది, నేనే పోసిన అని."

వీథిలో కూరగాయల బండి మైకు వాగుతూ పోయింది. ఆ పిల్ల మీద కోపం రావాలి. రాలేదు. ఎవరూ చెప్పకుండానే చేతికి వచ్చిన పని, కసిరితే పోదు కదా. శాంతవ్వ పెనం దించి, చేతులు దులుపుకుంది.

"నానమ్మకు చెప్పకు, నేను ఈడ తిన్నట్టు. జ్యోతక్కకు చెప్పు చాలు" అంది దీక్షిత.

"అట్ల కుదరది బిడ్డా."

"మరి నేను తిన్నది లెక్కకు రాదా?"

"కడుపుకు వచ్చింది. లెక్కకు రాలేదు. దొంగచాటుగ తిన్నది నా ఇంట్ల తిన్నట్టు కాదు. నానమ్మకు చెప్పి తిన్ననాడు లెక్క."

దీక్షిత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్కడ నాకు ఎవరున్నారు శాంతవ్వా అంది.  ఊ అనేస్తే అయిపోతుంది. చెయ్యి ఆ పిల్ల తల మీదికి వెళ్ళింది, నిమిరింది. కానీ నోటితో ఊ అనలేదు. వీథి చివరి దాకా వెంట నడిచి ఆటో ఎక్కించింది. "పొయ్యొస్త అను" అని గుర్తు చేసింది. దీక్షిత ముక్కు ఎగబీలుస్తూ, పొయ్యొస్త అంది.

ఆ సాయంత్రం, మర్నాడూ తాండూరు నుంచి ఫోను రాలేదు.

*

గురువారం తెల్లవారకముందే శాంతవ్వ పొయ్యి వెలిగించింది. అయిదుగురికి వండింది. వస్తారో రారో తెలియకుండా వండటం ఏమిటని హన్మయ్య సణిగాడు. వంకాయలు కోస్తూ, రాకపోతే రెండు రోజులు మనమే తిందామంది. స్టీలు గ్లాసులు అయిదు చింతపండుతో తోమి, వరసగా బోర్లించింది. అయిదూ ఒకే రకం, ఒకే ఎత్తు. జ్యోతికి మొదటి జీతం వచ్చినప్పుడు కొన్న జత.

పదకొండు దాటింది. పదకొండున్నర అయింది. ఆమె నాలుగుసార్లు వాకిట్లోకి వచ్చి, నాలుగుసార్లు వాకిలి ఊడ్చింది. అయిదోసారి వచ్చేసరికి తెల్లకారు వీథిలోకి తిరిగింది. వెనక సీటు అద్దంలోంచి ఆ పెద్ద పెట్టె అంచు కనబడుతోంది.

రాజేందర్ దిగాడు. దీక్షిత దిగింది. వెంకటమ్మ దిగలేదు. ముందు సీట్లో అద్దం ఎత్తుకుని కూర్చుంది.

"అమ్మకు మోకాళ్ళు" అన్నాడు రాజేందర్.

శాంతవ్వ సరేనంది. ఇద్దరికీ చాప పరిచింది. నానమ్మకు ఇక్కడ తిన్నానని మంగళవారం సాయంత్రమే చెప్పేశానని దీక్షిత చెప్పింది. చెబితే ఏమందని శాంతవ్వ అడగలేదు. వడ్డిస్తుంటే ఆ పిల్ల సగం లేచి, నానమ్మకు చాయ్ కారులోకి తీసుకుపోనా అంది.

"లోపటికి వచ్చినోళ్ళకే చాయ్" అంది శాంతవ్వ. గరిటెలో పప్పు కాస్త చాప మీద పడింది. కొంగుతో తుడిచింది. బయటికి మాత్రం తొంగి చూడలేదు.

కారు తలుపు చప్పుడైంది. చేతికర్ర టక్కు టక్కుమంటూ వాకిలి దాటి గడప దగ్గర ఆగింది.

"ఇంట్ల బాత్‌రూం ఉన్నదానె?" అంది వెంకటమ్మ ఎవరి మొహమూ చూడకుండా.

"ఉన్నది పటేలమ్మా. లోపటికి రావాలె."

వెంకటమ్మ గడప దాటింది. వంటగదిలోంచి, నీళ్ళ బిందెల పక్క నుంచి, వెనక్కి నడిచి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని నిలబడి రొప్పింది. హన్మయ్య కుర్చీ వేశాడు. కూర్చుని, రొంటిన దోపుకున్న సంచీలోంచి బీపీ మాత్ర తీసి నాలుక మీద వేసుకుంది. నీళ్ళ కోసం చుట్టూ చూసింది.

శాంతవ్వ వరసలోంచి ఒక గ్లాసు తీసి, నీళ్ళు ముంచి, అందించింది. వెంకటమ్మ దాన్ని ఎత్తి పట్టి నోట్లోకి పోసుకోబోయింది. చెయ్యి వణికింది. నీళ్ళు మెడ మీద పడి రవిక తడిసింది. గ్లాసు దించి ఒక్క క్షణం దాని అంచు వంక చూసింది. తరవాత పెదవికి ఆనించి, గటగటా, ఖాళీ అయ్యేదాకా తాగింది.

"పెట్టు ఇగ. మంచిగ చల్లారబెట్టినంక పెడతవా?" అంది.

శాంతవ్వ పెట్టింది. వెంకటమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని రొట్టె తుంచింది. వంకాయ నంజుకుని నమిలింది.

"ఉప్పు ఎక్కువేసినవ్."

"మీ ఇంట్ల నేర్సుకున్నదే పటేలమ్మా."

హన్మయ్య దగ్గుతున్నట్టు నటించాడు. రాజేందర్ తలెత్తకుండా, ఇంత అవసరం ఉంటే దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆపుతానన్నప్పుడు వద్దన్నావెందుకని తల్లిని అడిగాడు. రెండుచోట్ల అడిగానన్నాడు.

"నువ్వు నోరు మూసుకొని తిను" అంది వెంకటమ్మ.

శాంతవ్వ రొట్టె తిప్పబోతున్నదల్లా అలాగే ఆగి, మళ్ళీ తిప్పింది.

భోజనాలయ్యాయి. అయిదు గ్లాసుల్లో టీ పోసింది. అందరూ తాగారు. దీక్షిత లేచి తన పళ్ళెం, గ్లాసు తీసుకుని వెనక్కి వెళ్ళింది. రాజేందర్ ఇటూ అటూ చూసి, తనవి తీసుకుని కూతురు వెనకే వెళ్ళాడు. హన్మయ్య తన గ్లాసూ శాంతవ్వ గ్లాసూ పట్టుకుని వాళ్ళ వెంట నడిచాడు. వెంకటమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. శాంతవ్వ చెయ్యి చాపింది. వెంకటమ్మ ఇవ్వలేదు. కర్ర ఊతంగా లేచి, కుళాయి దాకా వెళ్ళి, మనుమరాలి పక్కన నిలబడి, మూడు వేళ్ళు లోపల పెట్టి తిప్పి కడిగింది. కడిగాక ఎక్కడ పెట్టాలో తెలియక అలా పట్టుకునే నిలబడింది. ఆమె చూపు గోడ మీద, కిటికీ మీద, గూటి కోసమేనేమో, వెతికింది.

శాంతవ్వ ఆ గ్లాసు అందుకుని, స్టాండులో మిగతా నాలుగింటి పక్కన బోర్లించింది. నీళ్ళు కారి ఆరిపోయేసరికి ఏది ఎవరు తాగినదో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

కారు దగ్గర దీక్షిత వంగి ఆమె కాళ్ళకు మొక్కబోతే శాంతవ్వ పట్టి లేపింది. చిన్న డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. మనుమడి కోసం వేయించిన జొన్నపేలాల పిండి, సరిగ్గా అరకిలో. వెంకటమ్మ సీట్లో కూర్చుని అద్దం దించింది.

"పొయ్యొస్త శాంతవ్వా. ఈసారి ఉప్పు చూసుకొని వెయ్యి" అంది.

"వస్తె చూసుకునే వేస్త" అంది శాంతవ్వ.

కారు మలుపు తిరిగేదాకా నిలబడింది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుని, జ్యోతికి ఫోను కలిపి, పిల్ల వస్తున్నది, మంచం మీద కొత్త దుప్పటి పరుచు అంది.

దీక్షిత జ్యోతి ఇంట్లో తొమ్మిది వారాలు ఉండి, నవంబరులో వేరే గదికి మారింది. ప్రతి ఆదివారం వెళ్ళి మనుమణ్ణి ఆడిస్తోందని ఫోనులో చెబుతుంటారు. వెంకటమ్మ వికారాబాద్‌లోని ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. 2024 డిసెంబరు పదకొండున, బుధవారం పొద్దున, తాండూరులో చనిపోయింది.